కిటికీ లేని గదిలో అసిటోన్



ఈ వారం భూమి గురించి కాదు, శ్మశానం దారి గురించీ కాదు. గోళ్ళరంగు తుడిచే మందు గురించి. నవ్వేవాళ్ళు నవ్వండి గానీ చివరిదాకా చదవండి. మన పేటల్లో ఇంటరుతో చదువాగిపోయిన ఆడపిల్లకి "ఏదన్నా పని నేర్చుకోవే" అని ఎవరైనా చెప్తే, ఆ పని రెండిట్లో ఒకటి. కుట్టుమిషను, లేదంటే బ్యూటీషియన్ కోర్సు. మా చెల్లెలి కూతురు రెండోది నేర్చుకుంది. మాది పామిడిముక్కల. పిల్ల రోజూ బస్సెక్కి ఉయ్యూరు వెళ్తుంది, అక్కడ ఒక పార్లర్లో ఆరేళ్ళుగా పని. ఆ పార్లరు పేరు రాయను, పిల్ల పేరూ రాయను. ఇప్పుడు దానికి ఐదో నెల.

మూడు వారాల కిందట వాళ్ళ అత్తగారి ఫోనులోకి ఒక వీడియో వచ్చింది. అసిటోన్ చర్మంలోంచి రక్తంలోకి దిగుతుందట, క్యాన్సరు వస్తుందట, కడుపులో బిడ్డ అవకరంతో పుడుతుందట. ఆవిడ ఆ రాత్రే తేల్చేసింది, రేపట్నించి పని బంద్. అల్లుడు ఆటో తోల్తాడు. ఆ ఆటో మీద ఫైనాన్సు కిస్తీ కట్టేది పిల్ల జీతంలోంచి. "పెద్దమ్మా, నువ్వు కెమిస్ట్రీ చదివావు గదా. మానెయ్యాలా వద్దా, ఒక్క మాట చెప్పు" అని ఫోనులో ఏడ్చింది.

ఒక్క మాటలో తేలే సంగతి కాదు. ఆ వీడియో చేసినవాడికి తేలిపోయింది, ఎందుకంటే వాడికి కిస్తీ లేదు.

ముందు అసిటోన్ అంటే ఏమిటో చూద్దాం. రంగు లేని ద్రవం. 56 డిగ్రీల దగ్గర మరిగిపోతుంది, అందుకే చేతిమీద చుక్క వేస్తే చల్లగా తగిలి మాయమైపోతుంది. రంగుల్నీ, జిగురుల్నీ, కొవ్వునీ కరిగిస్తుంది, నీళ్ళలోనూ కలుస్తుంది. ఈ రెండు గుణాలూ ఒకే ద్రవంలో ఉండటం అరుదు. మందుల ఫ్యాక్టరీ నుంచి ప్లాస్టిక్కు దాకా అందరికీ అందుకే కావాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళకి తుపాకిమందు తయారీకి అసిటోన్ చాలక, 1917లో బడిపిల్లల చేత హార్స్ చెస్ట్‌నట్ కాయలు ఏరించి, వాటిని పులియబెట్టి తీయాలని చూశారు. మన పిల్లల గోళ్ళ దగ్గరికి వచ్చేముందు ఇది అంత తిరిగొచ్చింది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. అసిటోన్ మన ఒంట్లోనే తయారవుతుంది. తిండి లేక ఒళ్ళు కొవ్వుని కరిగించుకుంటున్నప్పుడు కాలేయం కీటోన్లు చేస్తుంది, వాటిలో అసిటోన్ ఒకటి. షుగరు బాగా ముదిరినవాళ్ళ నోటి నుంచి మగ్గిన పండు వాసన వస్తుందే, అది అదే. మా నాయనమ్మకి అలా వాసన వస్తే పేటలో గాలి సోకిందన్నారు. గాలి కాదు, ఇన్సులిన్ లేకపోవడం. ఒంటికి ఈ పదార్థం కొత్త కాదు గనక దాన్ని వదిలించుకోవడం కూడా తెలుసు. ఊపిరిలోంచీ మూత్రంలోంచీ ఒకటి రెండు రోజుల్లో పంపించేస్తుంది. పాదరసంలాగా, సీసంలాగా లోపల కాపురం పెట్టదు.

క్యాన్సరు మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సరు పరిశోధన సంస్థ ఒకటుంది, క్యాన్సరు తెచ్చే పదార్థాలకి జాబితా రాస్తుంది. ఆ జాబితాలో అసిటోన్ లేదు. బిడ్డ మాట. అమెరికాలో కడుపుతో ఉన్న ఎలుకల చేత రోజుల తరబడి ఈ ఆవిరి పీల్పించి చూశారు. పిండం బరువు తగ్గడం లాంటివి కనిపించింది గాలిలో వేల పీపీఎం ఉన్నప్పుడే. పీపీఎం అంటే పది లక్షల పాళ్ళ గాలిలో ఎన్ని పాళ్ళు అని. మన ఫ్యాక్టరీల చట్టానికి భోపాల్ తర్వాత, 1987లో చేసిన సవరణతో ఒక పట్టిక చేర్చారు, ఏ రసాయనం ఎంతవరకు పీల్చొచ్చో చెప్పే పట్టిక. అందులో అసిటోన్‌కి ఎనిమిది గంటల సగటు 750 పీపీఎం అని రాశారు. అమెరికాలో పారిశ్రామిక ఆరోగ్య నిపుణులు ఇప్పుడు చెప్పేది 250. ఆ లెక్క పెరిగితే కళ్ళు మండుతాయి, గొంతు గరగర, తలనొప్పి, తల తిరుగుడు. గాలి తగిలితే తగ్గుతుంది.

అంటే నెలకోసారి గోళ్ళరంగు తుడుచుకునే కాలేజీ పిల్లకి అసిటోన్ వల్ల భయపడాల్సింది దాదాపు ఏమీ లేదు. గోరు పొడిబారుతుంది, పొలుసులు లేస్తుంది, కొంచెం కొబ్బరినూనె రాస్తే సరి. ముఖం మీద రాసుకోవద్దు, అంతే. మొటిమలకీ నల్లమచ్చలకీ దూదితో అసిటోన్ అద్దమని చెప్పే వీడియోలు కూడా ఉన్నాయి. పాత రోజుల్లో మొటిమలకి అమ్మిన కొన్ని లోషన్లలో అసిటోన్ ఉండేది నిజమే. చర్మం డాక్టర్లు రసాయనాలతో పీలింగ్ చేసేముందు జిడ్డు తీయడానికి ఒకసారి తుడిచేదీ నిజమే. కానీ చర్మం పైపొర ఇటుకల గోడ లాంటిది, ఇటుకల మధ్య సున్నంలాగా కొవ్వు ఉంటుంది. అసిటోన్ ఆ సున్నాన్ని కడిగేస్తుంది. ప్రయోగశాలల్లో చర్మపు గోడని కావాలని పాడుచేసి చూడాలంటే శాస్త్రవేత్తలు తుడిచేది అసిటోన్‌తోనే. మరి దాన్ని అందానికి రోజూ రాసుకోమనడం ఏమిటి?

నా చేతులకి ఈ సంగతి పుస్తకం కంటే ముందే తెలుసు. బందరులో బీఎస్సీ అయ్యాక హైదరాబాదు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో పధ్నాలుగు నెలలు చేశాను. ల్యాబులో గాజు సామాన్లు కడిగేది అసిటోన్‌తోనే. సాయంత్రానికి చేతులు సుద్ద పూసినట్టు తెల్లగా, గీతలు గీతలుగా అయ్యేవి. "ఫెయిర్‌నెస్ క్రీము దేనికి, నువ్విక్కడే తెల్లబడిపోతున్నావు" అని ఒక సీనియరు జోకు వేస్తే గదంతా నవ్వింది. నేను నవ్వలేదు. నవ్వలేదని ఇంకా నవ్వారు. పర్మినెంటు వాళ్ళకి చేతికి తొడుగులుండేవి, మాకు "అయిపోయాయి" అనే జవాబుండేది. కింద రియాక్టర్లు కడిగే కాంట్రాక్టు మనుషులకి ఆ జవాబు కూడా లేదు, వాళ్ళు అడగరని అందరికీ తెలుసు. వాళ్ళలో సగంమంది మన పేటల వాళ్ళే, మిగిలిన సగం బీహారు, ఒడిశా.

అసలు చేతుల మాటొస్తే మా అమ్మ చేతులు చెప్పాలి. డెల్టాలో వరి నాట్లంటే నెలన్నర పాటు చేతులూ కాళ్ళూ బురదలో. వేళ్ళ సందులు పాసిపోయేవి, గోళ్ళ మొదళ్ళు వాచి చీము పట్టేవి. ఆషాఢంలో అమ్మా వాళ్ళూ గోరింటాకు నూరి పెట్టుకునేది అందానికి మాత్రమే కాదు, పుళ్ళ మీద మంట తగ్గుతుందని. గోరింటాకులో లాసోన్ అనే పదార్థం గోటిలోని కెరాటిన్‌ని గట్టిగా పట్టుకుంటుంది, దాన్ని ఏ అసిటోనూ తియ్యలేదు, గోరు పెరిగి పోవాల్సిందే. ఆ చేతులతోనే మా నాన్న పురుగుమందు నీళ్ళలో కలిపేవాడు, కర్ర దొరక్కపోతే మోచేతిదాకా ముంచి. ఎండ్రిన్ 1990లోనే నిషేధించారు, అయినా ఇప్పటికీ మా వైపు ఏ పురుగుమందునైనా ఎండ్రిన్ అనే అంటారు. ఎండోసల్ఫాన్ ఆపడానికి 2011లో సుప్రీంకోర్టు కావాల్సి వచ్చింది. అప్పుడు మా నాన్న ఒంటి గురించి ఎవరూ వీడియో చెయ్యలేదు. డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉండేది, ఆ త్రికోణానికి అర్థం చెప్పినవాడు లేడు.

సరే, పిల్ల దగ్గరికి వద్దాం. ఫోనులో చెప్తే కాదని ఒకరోజు నేనే పార్లరుకి వెళ్ళాను. మెట్లెక్కి పైకి. బయట బజారులో హారన్లు, కేసీపీ ఫ్యాక్టరీ వైపు నుంచి వచ్చే చెరకు లారీలు. లోపల ఏసీ, మూసిన తలుపు, ఒక్క కిటికీ లేదు. ఉన్న కిటికీని అద్దం బిగించి మూసేశారు, కస్టమరు ముఖం చూసుకోవాలి గదా. పిల్ల చిన్న పీట మీద కూర్చుని ఒకావిడ కాళ్ళకి పెడిక్యూర్ చేస్తోంది. ఆవిడ ఎత్తు కుర్చీలో, పిల్ల ఆవిడ పాదాల దగ్గర. మడమల మీద రాయి రుద్దడం, వేళ్ళ మీద రంగు తుడవడం, అన్నీ ముఖం కిందే. అసిటోన్ ఆవిరి గాలి కంటే రెండింతలు బరువు. గాలి ఆడని గదిలో అది కిందికే దిగుతుంది. కుర్చీలో కూర్చున్నావిడకి వాసన, పీట మీద కూర్చున్నదానికి మోతాదు. ఎవరు ఎవరి పాదాల దగ్గర కూర్చోవాలో ముందే రాసిపెట్టిన దేశంలో, ఊపిరి కూడా ఆ ఎత్తులోనే కొలవాలి కాబోలు.

కానీ నా ముక్కుకి తగిలింది అసిటోన్ ఒక్కటే కాదు. అసిటోన్ వాసన తియ్యగా, ఘాటుగా ఉండి చప్పున పోతుంది. ఇది పెయింటు వాసన, గొంతులో నిలబడేది. "ఏదీ డబ్బా?" అన్నాను. బాత్రూము పక్కన ఐదు లీటర్ల తెల్ల క్యాను. మీద కాగితం లేదు. "థిన్నరు పెద్దమ్మా. రిమూవరు సీసాలు ఖరీదని మేడమ్ పెయింట్ల షాపు నుంచి తెప్పిస్తారు. సీసాల్లో పోసుకుంటాం" అంది.

ఇదీ అసలు సంగతి. లూజుగా అమ్మే థిన్నరు ఒక పదార్థం కాదు, అంబలి. టోలుయీన్, కొన్నిసార్లు మిథనాల్, ఇంకా ఏవి చవగ్గా దొరికితే అవి. టోలుయీన్ నరాల మీద పనిచేస్తుంది. మత్తు కోసం దాన్ని పీల్చే తల్లులకి పుట్టిన బిడ్డల్లో లోపాలు డాక్టర్లు నమోదు చేశారు. పార్లర్లో పీల్చేది ఆ మోతాదు కాదు, అయినా కడుపుతో ఉన్న పిల్ల రోజూ కూర్చోవాల్సిన గాలి అది కాదు. వీడియో వాడు అసిటోన్ పేరు చెప్పి భయపెట్టాడు, భయపడాల్సినదానికి పేరే లేదు. పేరు లేని క్యానుకి ఏ పట్టిక వర్తిస్తుంది? చట్టంలో 750 అని రాసింది ఫ్యాక్టరీలకి. పార్లరు ఫ్యాక్టరీ కాదు, దుకాణం.

ఇక్కడే ఇంకో మోసం కూడా చెప్పాలి. అసిటోన్ లేదు అని పెద్ద అక్షరాలతో అమ్మే సీసాలు కొందరు కొంటారు. వాటిలో ఎక్కువగా ఉండేది ఇథైల్ ఎసిటేట్, ఫరవాలేదు, మరీ తేడా ఏమీ లేదు. కానీ ఒకప్పుడు అతికించే గోళ్ళు ఊడదీసే ద్రవాల్లో అసిటోనైట్రైల్ వాడారు. పేరు చూడటానికి దగ్గరే. ఒంట్లోకి వెళ్తే సైనైడ్‌గా మారుతుంది. 1980లలో అమెరికాలో అది తాగి పసిబిడ్డ చనిపోయాక డాక్టర్లు పత్రికలో రాశారు, తర్వాత ఐరోపాలో సౌందర్య సాధనాల్లో దాన్ని నిషేధించారు. పేరున్న శత్రువుని తీసేశాం అని గర్వపడేవాడు ఆ చోట ఏం పెట్టాడో అడగాలి.

జుట్టు సాఫీ చేసే కెరాటిన్ ట్రీట్‌మెంటు మరో మూల జరుగుతోంది. ఆ ద్రవాల్లో చాలావాటిలో వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ బయటికొస్తుంది. అది మాత్రం 2004 నుంచీ క్యాన్సరు జాబితాలో మొదటి వరసలో ఉంది. దాని మీద ఏ వీడియో అత్తగారికి రాలేదు.

మధ్యాహ్నం కస్టమర్లు లేనప్పుడు పిల్ల బ్యాగు తెరిచింది, టిఫిను కోసం. లోపల చిన్న డబ్బా. మీద అర్థం కాని భాష, తెల్లటి ఆడమనిషి ముఖం, తయారీదారు చిరునామా లేదు, ఏమేం కలిపారో లేదు. ఎవరిదే ఇది అంటే తలొంచుకుంది. "నాదే. రెండేళ్ళ నుంచి రాస్తున్నా. నల్లగా ఉన్నదాని చేత ఫేషియల్ ఎవరు చేయించుకుంటారు పెద్దమ్మా? కస్టమరు ముందు నా ముఖం చూస్తుంది. మేడమే ఇచ్చారు, జీతంలో పట్టుకున్నారు."

చాలాసేపు నాకు మాట రాలేదు. 

కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో కిడ్నీ డాక్టర్లు 2021 నుంచి 2023 మధ్య ఒక వింత గమనించారు. మూత్రంలో ప్రొటీన్ పోతూ, ఒళ్ళు వాచి వచ్చినవాళ్ళు. ఒకే రకమైన కిడ్నీ జబ్బు 22 మందికి. అందులో 15 మందికి అరుదైన రకం. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు రాసుకున్నవాళ్ళు. క్రీముల్లో పాదరసం. పాదరసం చర్మంలో మెలనిన్ తయారీని ఆపుతుంది, అందుకే తెల్లబడినట్టు కనిపిస్తుంది. తర్వాత కిడ్నీలో చేరుతుంది. మాయ దాటి బిడ్డ దగ్గరికీ వెళ్తుంది. మన దేశపు 2020 సౌందర్య సాధనాల నియమాల ప్రకారం క్రీముల్లో పాదరసం కలపకూడదు, పొరపాటున ఉన్నా ఒక పీపీఎం దాటకూడదు. మినమాటా ఒప్పందం కూడా సౌందర్య సాధనాల్లో పాదరసం కలపకూడదంటుంది. పాదరసం లేని డబ్బాల్లో తరచుగా ఉండేది స్టెరాయిడ్. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో ప్రభుత్వం గట్టిగా చెప్పిన మందులే మన మెడికల్ షాపుల్లో టూత్‌పేస్టులా దొరుకుతాయి. మానేస్తే ముఖం మండిపోతుంది, అందుకే మానరు.

ఈ దేశంలో 1975లో మొదలైన ఒక క్రీము 2020లో పేరులోంచి తెలుపుని తీసేసింది, అమెరికాలో నల్లవాళ్ళ ఉద్యమం చూసి. మంచిదే. కానీ ఉయ్యూరులో మేడపైన గదిలో, మా పిల్ల జీతంలోంచి, తెలుపు ఇంకా కోత పడుతూనే ఉంది.

ఆ సాయంత్రం ఓనరమ్మతో మాట్లాడాను. పోట్లాటకి వెళ్ళలేదు, పిల్ల ఉద్యోగం అక్కడే ఉంది. "ఇన్నేళ్ళనించీ వాడుతున్నామండీ, ఎవరికేమైంది?" అంది. ఆవిడా రోజంతా ఆ గదిలోనే ఉంటుంది, ఆవిడకీ తలనొప్పి వస్తుంది, అది ఎండ వల్లనుకుంటోంది. నిప్పు సంగతి చెప్పాకే ఆవిడ ముఖం మారింది. అసిటోన్ అయినా థిన్నరు అయినా ఆవిరి నేలమీద పాకుతుంది, అసిటోన్ అయితే సున్నాకి ఇరవై డిగ్రీలు కింద కూడా నిప్పందుకుంటుంది. క్యాను పక్క గోడకే వ్యాక్స్ హీటరు ప్లగ్గు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఎసెన్షియా ఫ్యాక్టరీలో కారిన ద్రావకం ఆవిరి అంటుకుని 17 మంది పోయారు. 2022 ఏప్రిల్ 13 రాత్రి మన పక్కనే, మొన్నటిదాకా మన కృష్ణా జిల్లాలోనే ఉన్న ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలో, పోరస్ ల్యాబ్స్ మంటల్లో ఆరుగురు, నలుగురు బీహారు వాళ్ళు. అవి పెద్ద ట్యాంకులు, ఇది ఐదు లీటర్లు. కానీ ఈ మేడకి మెట్లు ఒకటే.

క్యాను మర్నాడే పోయింది. పేరూ చిరునామా ఉన్న సీసాలు తెస్తున్నారు, ఖరీదు గోళ్ళ రేటులో కలిపారు. తడిసిన దూది మూత ఉన్న డబ్బాలో వేస్తున్నారు, ఇంతకుముందు బుట్టలో తెరిచి ఉండి రోజంతా ఆవిరయ్యేది. ఎగ్జాస్టు ఫ్యాను కోసం అద్దం పక్కకి జరపాలి, దానికి "చూద్దాం" అన్నారు. చేతి తొడుగుల గురించి ఒక మాట, అడుగుతున్నవాళ్ళు చాలామంది ఉన్నారు: నీలం రంగు నైట్రైల్ తొడుగులు అసిటోన్‌ని ఎక్కువసేపు ఆపలేవు, నిమిషాల్లో లోపలికి దిగుతుంది. తడిస్తే మార్చెయ్యాలి. బ్యూటైల్ రబ్బరు ఆపుతుంది గానీ దాంతో గోరు పట్టుకోవడం కుదరదు. కాలిఫోర్నియాలో నెయిల్ సెలూన్లలో పనిచేసే వియత్నాం ఆడవాళ్ళు 2005 నుంచి సంఘం కట్టి ఇలాంటి చిన్న చిన్న విషయాలే అడిగారు. మంచి రంగులు, ఫ్యాను, తొడుగు. 2016కి అక్కడి ప్రభుత్వం ఆరోగ్యకరమైన సెలూన్లకి గుర్తింపునిచ్చే చట్టం చేసింది. వాళ్ళూ పీట మీద కూర్చునేవాళ్ళే.

పిల్ల పని మానలేదు. పెడిక్యూర్లు, కెరాటిన్ పక్కమ్మాయి చేస్తోంది, మా పిల్ల ఐబ్రోస్, మెహందీ చూస్తోంది. బిడ్డ పుట్టాక పక్కమ్మాయి వంతు ఏమిటని నన్నే అడిగింది. నా దగ్గర జవాబు ఫ్యాను ఒక్కటే. క్రీము ఆపేసింది. ప్రభుత్వాసుపత్రిలో మూత్ర పరీక్ష చేయించాం, ప్రొటీన్ పోవడం లేదు, నెలనెలా చూడమన్నారు. డాక్టరుకి డబ్బా చూపించాం. ముఖం మీద మచ్చలు తిరిగొస్తున్నాయని రాత్రిళ్ళు ఫోను చేసి చెప్తుంది. వింటున్నాను.

కాలేజీ తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక పని. మీ ఇంట్లో గానీ, మీ వీధి పార్లర్లో గానీ ఉన్న రిమూవరు సీసా, ఫెయిర్‌నెస్ డబ్బా తీసుకోండి. వెనక వైపు ఫోటో తీసి నాకు పంపండి. ఏమేం కలిపారో రాశారా, చిరునామా ఉందా, తెలుగులో ఒక్క అక్షరమైనా ఉందా చూడండి. పార్లర్లో పనిచేసే అక్కల పేర్లు మాత్రం పంపొద్దు. వచ్చినవన్నీ కలిపి జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టరుకి అర్జీ పెడదాం. వచ్చే వారం ఎన్ని వచ్చాయో రాస్తాను.

జై భీమ్.